శుక్రవారం గడిలో ఏడు

వచ్చే సోమవారం మేం రోగులకిచ్చే కొత్త కార్డులు అచ్చుకు వెళ్తాయి. ఒకసారి అచ్చయ్యాక వాటి మీద ఏ గడి ఎందుకుందో, ఏ వరుస ఎవరి మాట వల్ల చేరిందో అడిగేవారు ఉండరు. అందుకే ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయవలసి వచ్చింది. ఆ కార్డులో ఒక వరుసను నా చేత పెట్టించిన పెద్దాయన పోయిన నెల ఒక గురువారం ఉదయం ఆళ్లగడ్డలో కన్నుమూశారు. ఆ వరుసలోనే ఆయన పదకొండు నెలల పాటు తన గురించి తాను రాసి, వారం వారం నా చేతికిచ్చారు. నేను వాటిని చదివానా, లేక చూసి ఊరుకున్నానా అన్నది తేల్చుకోకుండా ఆయనను తలుచుకోవడం నాకు సాధ్యం కావడం లేదు.

నేను నంద్యాలలో మనోవైద్యురాలిని. ప్రతి గురువారం ఆళ్లగడ్డ వెళ్లి, పెద్దాయన ఇంటి కింది భాగంలో అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో రోగులను చూస్తాను. పై అంతస్తులో ఆయన ఒక్కరే ఉండేవారు. ఆ రోజు బస్సు శిరివెళ్ల దాటుతుండగా మా నర్సు ఫోన్ చేసింది. యాడున్నారు మేడమ్ అని అడిగింది. చెప్పాను.

"పెద్దాయన పోయినాడు మేడమ్. కింది బీగం చెవి ఇప్పించుకుందామని పైకి పోతి. కుర్చీలోనే ఉండాడు. కునుకు తీస్తాండాడేమో అనుకుంటి."

నేను అడిగిన మొదటి ప్రశ్న, ఎంతమంది రోగులు వచ్చారని. నలుగురు వచ్చారని ఆమె చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపటికి గానీ ఆ ప్రశ్న నాకు వినపడలేదు. వృత్తి మనిషిని ముందుకు నడిపిస్తుందంటారు. ఆ ఉదయం అది నన్ను ఆయన పక్కనుంచి ఆగకుండా నడిపించింది.

పెద్దాయన తాలూకాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కాగితాల మీద ఆయన ఉద్యోగం వేరే ఏదో ఉండేది. ముప్పై ఏళ్లకు పైగా ఆయన నిజంగా చేసిన పని మాత్రం వాన కొలవడం. ఆఫీసు ఆవరణలో కంచె మధ్య వర్షమాపకం ఉండేది. ఉదయం ఎనిమిదిన్నరకు దాని గరాటు ఎత్తి, లోపలి సీసాలోని నీటిని కొలత గ్లాసులోకి వంచి, చూసి, రిజిస్టరులో రాసి, కర్నూలుకు ఫోన్‌లో చెప్పేవారు. పండగైనా, ఇంట్లో పెళ్లయినా ఎనిమిదిన్నర ఎనిమిదిన్నరే. ఉద్యోగం అయిపోయాక తన దుడ్లతో అలాంటిదే ఒకటి తెప్పించి మిద్దె మీద పెట్టుకున్నారు. అది ఎవరికీ చెప్పవలసిన లెక్క కాదు. అయినా మానలేదు.

ఆయనకు 'సుమారుగా' అన్న మాట పడేది కాదు. మా గదిలోని గడియారం రెండు నిమిషాలు వెనకబడితే, ఎవరినీ అడగకుండా కుర్చీ ఎక్కి సరిచేసి పోయేవారు. శెనగ విత్తే కాలంలో దారిన పోయే రైతులు గేటు దగ్గర నిలబడి, విత్తేదానికి నేల పదునైందా అప్పా అని కేకేసేవారు. ఆయన పదునైందనో కాలేదనో ఎప్పుడూ అనలేదు. ఎన్ని మిల్లీమీటర్లు పడిందో, ఎంతసేపు పడిందో మాత్రం చెప్పేవారు. పదును సంగతి చేను చెప్పల్ల, నేను కాదు అనేవారు. మా నర్సు ఆయనను ఆటపట్టించేది. ఈ రోజు మాకెంత పడింది పెద్దాయనా అని అడిగితే, నువ్వు నోరు తెరిస్తే డెబ్బై మిల్లీమీటర్లు తగ్గదు తల్లీ అనేవారు ముఖం కదపకుండా.

ఇక కార్డు సంగతి. నా రోగులకు నేను వారానికొక కార్డు ఇస్తాను. అందులో ఏడు గళ్లుంటాయి. రోజుకొకసారి మనసు ఎట్లా ఉందో చూసుకుని, ఒకటి నుంచి పది వరకు ఒక అంకె వేయాలి. ఒకటి అంటే లేవలేని రోజు, పది అంటే చాలా బాగున్న రోజు. రోగులు దానిని మనసు కార్డు అంటారు. అంకెలను కలిపి గీత గీస్తే, మందు పనిచేస్తున్నదా లేదా అన్నది నాకు కొంత అర్థమవుతుంది. నేను ఆ పద్ధతిని నమ్మి చదువుకున్నాను, నమ్మి వాడుతున్నాను.

ఒక గురువారం పెద్దాయన బయటి బెంచీ మీద ఎవరో మరచిపోయిన కార్డు తీసుకుని నా గదిలోకి వచ్చారు.

"ఏందిమా ఇది, ఒట్టి అంకెలే ఉండాయి?"

నేను వివరించాను. ఆయన నిలబడే విన్నారు. చివరికి, అయితే ఇదీ వాన కొలిచినట్టే అన్నారు. అవునన్నాను, కాస్త సంతోషంగానే.

"మరి రిమార్కు యాడ రాయల్ల?"

రిమార్కు దేనికని అడిగాను. అప్పుడు కూర్చున్నారు. ఆ రోజు ఆయన చెప్పిన మాట నేను తర్వాత ఎన్నో సభల్లో నా మాటగా చెప్పాను. ఇప్పుడు ఆయన మాటగానే ఇక్కడ రాస్తున్నాను.

"ఇరవై మిల్లీమీటర్లు అరగంటలో దంచిందనుకో, వంకలో పడి పోతాది. అదే ఇరవై దినమంతా మెల్లంగ పడిందనుకో, నల్లరేగడిలోకి దిగుతాది. కర్నూలుకు నేను చెప్పే అంకె రెండిటికీ ఒకటే. రైతుకు ఒకటేనా? అందుకే పక్కన ఒక గడి ఉంటాది. ఎట్ల పడిందో అందులో రాయల్ల."

మా రోగుల్లో చాలామందికి రాయడం అలవాటు లేదని, రాయమంటే కార్డే మానేస్తారని నేను వాదించాను. ఆయన నా పెన్ను తీసుకుని, ఆ కార్డు మీద ఒక అంకె పక్కన సన్నగా ఒక గీత గీశారు. ఖాళీగా కనపడితే చెయ్యి ఊరుకోదమ్మా, చూడు అని లేచి వెళ్లారు. ఆ వారం నేను స్కేలు పెట్టి ముప్పై కార్డుల మీద, అంకెల పక్కన రాసుకునేందుకు, చేత్తో అట్లాంటి వరుసలు గీశాను.

కోయిలకుంట్ల వైపు నుంచి ఒకామె వచ్చేది. ఆమె అనుమతితోనే ఈ ఒక్క ముక్క రాస్తున్నాను. మూడు వారాలుగా ఆమె కార్డు నిండా ఐదులే. ఐదంటే మధ్యస్థం, మందు నిలకడగా పనిచేస్తున్నదని నేను నా కాగితంలో రాసుకున్నాను. వరుసలు గీసిన కార్డు ఇచ్చాక ఆమె ఒక ఐదు పక్కన ఇలా రాసింది: చిక్కుడుకాయ కూర చేసినా. ఉప్పు తక్కువైందని కూడా ఎవరూ అనలేదు. ఆమె ఇంట్లో తొమ్మిది మంది. ఆ ఐదు మధ్యస్థం కాదు. ఆ రోజు ఆమె చెవిన ఒక్క మాట పడలేదు. అక్కడి నుంచి మా వైద్యం వేరే దారి పట్టింది.

పేరూ ఊరూ చెప్పకుండా, మీ వరుస పనిచేసిందని పెద్దాయనతో అన్నాను. ఆయన మెచ్చుకోలును చెవిన వేసుకోలేదు. గ్లాసు ఎట్లా చూడాలో చెప్పడం మొదలుపెట్టారు. గ్లాసును సమంగా ఉన్న చోట పెట్టి, మనం వంగి, కన్నును నీళ్ల ఎత్తుకు తెచ్చుకుని చూడాలట. నిలబడి పైనుంచి చూస్తే అంకె తప్పు కనిపిస్తుందట. పైకి రా ఒకసారి, చూపిస్తా అన్నారు. వచ్చే వారం వస్తానన్నాను. ఆ 'వచ్చే వారం' మా ఇద్దరి మధ్య చాలా కాలం నడిచింది.

తర్వాత కొన్నాళ్లకు ఖాళీల సమస్య వచ్చింది. కొందరు మూడు నాలుగు రోజులు గళ్లు వదిలేసేవారు. పెద్దాయన ఆ మాట విని చాలా నొచ్చుకున్నారు. రిజిస్టరులో ఖాళీ ఉండటం ఆయన దృష్టిలో అబద్ధంతో సమానం. వాన పడకపోతే సున్నా వేయాలి. చూడకపోతే అడ్డగీత గీయాలి. గీత గీస్తే దాని పక్కన కారణం రాయాలి. ఒక ఎండాకాలం ఆయనకు జ్వరం వచ్చి ఒక ఉదయం వర్షమాపకం దగ్గరకు పోలేకపోయారట. మరునాడు ఆ గడిలో గీత గీసి, జ్వరం అని రాశారు. పైఅధికారి చూసి, ఈ ఎండల్లో వాన యాడిదయ్యా, సున్నా వేయి అని కసిరాడట.

"పడలేదని నాకు తెలుసు సార్. చూడలేదని కూడా తెలుసు. చూడనిదానికి సున్నా ఎట్ల వేసేది?"

ఆ గీత ఆ రిజిస్టరులో అలాగే ఉందని చెప్పి, కండువాతో మెడ తుడుచుకున్నారు. ఆయన గర్వపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ రోజే, కార్డు మంచిదో కాదో ఎవరన్నా నింపి చూడాలి గదా, నేను నింపుతా అన్నారు. వెంటనే వేలెత్తి ఒక షరతు పెట్టారు.

"నేనేం రోగిని కాదు. నా పేరున చీటీ రాయొద్దు."

రాయలేదు. నా లోపమంతా అక్కడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తున్నది. రోగి కాదన్నారు కనుక ఆయన కార్డులను నేను రోగి కార్డుల్లా చదవలేదు. మా కార్డుకు అవి పరీక్ష అనుకున్నాను. ఆయన ఎనిమిదిన్నరకు వాన కొలిచి, అదే పెన్నుతో కార్డు నింపి, గురువారం నేను వచ్చాక దించి ఇచ్చేవారు. నేను తీసుకుని, కొత్త కార్డు ఇచ్చేదాన్ని. నేను రాని వారానికని ఆయన దగ్గర ఒకటి అదనంగా ఉండేది. నలభై ఏడు కార్డులు. వాటిలో కొన్ని వరుసలు నాకు చూడకుండానే గుర్తున్నాయి.

ఆరు. రేడియో బ్యాటరీలు మార్చినా.

ఆరు. సగం సొరకాయ మిగిలింది. సగం కాయ ఎవరూ అమ్మరు.

ఆరు. అద్దానికి మేకు కొట్టినా. వంకరగా ఉందా అని అడిగేదానికి ఎవరూ లేరు. దారం కట్టి చూసుకున్నా.

ఆరు. చొక్కా గుండీ ఊడింది. సూదిలోకి దారం నాలుగోసారికి ఎక్కింది.

ఎంత బాగా రాశారు పెద్దాయనా అనేదాన్ని. నిజంగానే బాగుండేవి. చిన్నవి, కచ్చితమైనవి, ఎక్కడా ఫిర్యాదు లేనివి. ఆయన అనుమతితో, పేరు లేకుండా, వాటిని నంద్యాలలో నా తోటివైద్యులకు చూపించాను. రోగులకు నేర్పడానికి నకళ్లు తీయించాను. చూడండి, మనసు ఎట్లా ఉందో రాయనక్కరలేదు, ఏం జరిగిందో రాస్తే చాలు, మనసు అదే కనబడుతుంది అని చెప్పేదాన్ని. అందరికీ కనబడాలని చెబుతూ, నేను మాత్రం వాక్యం పొందికను చూస్తూ ఉండిపోయాను. సొరకాయ సగం మిగలడమంటే ఏమిటో తెలియని దాన్ని కాదు. నంద్యాలలో నేనూ ఒక్కదాన్నే వండుకుంటాను.

ఆ కార్డుల్లో ఒక వింత ఉండేది. వారమంతా ఆరు, శుక్రవారం గడిలో ఏడు. మళ్లీ ఆరు. గీత గీసి చూస్తే వారానికొక చిన్న మెట్టు. అంత క్రమంగా వచ్చేదానికి కారణం ఉండి తీరాలని ఏ విద్యార్థిని అడిగినా చెబుతాడు. ఆయన కూతురు బేతంచెర్లలో ఉంటుంది, అల్లుడికి బండల పాలిష్ పని. ఆమె శుక్రవారం ఫోన్ చేస్తుంది కాబోలని నేనే ఒక కారణం అల్లుకుని సమాధానపడ్డాను. ఆ ఏడు పక్కన ఆయన దాదాపు ఎప్పుడూ ఒకే మాట రాసేవారు: చెప్పే పని లేదు. విశేషమేమీ లేదన్న అర్థంలో తీసుకున్నాను.

ఒకసారి కార్డు అందుకుంటూ, శుక్రవారాలు మీకు మంచివి పెద్దాయనా అన్నాను. ఆయన ఆ గడి మీద వేలు పెట్టారు.

"అది ఎనిమిదిన్నర లెక్కమ్మా."

అదేమిటని అడగబోతుండగా నర్సు తలుపు తోసి తర్వాతి రోగిని లోపలికి పంపింది. ఆయన గోడ పక్కగా జరిగి, ఆ రోగికి దారి ఇచ్చి, వెళ్లిపోయారు. మధ్యాహ్నం తలుపు వేసుకుని నా డబ్బా అన్నం తిన్నాను. పైన కంచం పెట్టిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు వినపడ్డాయి. ఆయనా తింటున్నారు. మా మధ్య ఉన్నది ఒక కప్పు మందం. ఎనిమిదిన్నర లెక్క ఏమిటో అప్పుడైనా పైకి వెళ్లి అడగవచ్చు. వచ్చే వారం అడగవచ్చనుకున్నాను.

ఆయన పోయిన రోజు మొదటిసారి ఆ మెట్లెక్కాను. పదిహేడు మెట్లు, అన్నీ బేతంచెర్ల బండలు. నడిమి అంచులు అరిగి నున్నబడి ఉన్నాయి. ఆయనను అప్పటికే కుర్చీలోంచి దించి పడుకోబెట్టారు. గుండె ఆగిందని, ఉదయమే జరిగి ఉంటుందని చూసిన డాక్టరు చెప్పారు. బల్ల మీద ఆ వారం కార్డు ఉంది. ఆయన నాకు ఇవ్వవలసిన కార్డు. దాన్ని చదవకుండా సంచిలో పెట్టుకున్నాను. నర్సు కింద ఎదురుచూస్తున్న నలుగురితో ఈ రోజు లేదని చెబుతుంటే, వాళ్లలో ఒకామె, పైనున్న తాతేనా, నాకు బెంచీ మీద జాగా ఇస్తాండె అంటున్నది. మెట్లు దిగుతూ విన్నాను.

పదకొండో రోజున కర్మలు జరిగాయి. నేను వెళ్లాను. కూతురు నన్ను పక్కకు పిలిచి, గుడ్డలో చుట్టిన పాత రిజిస్టరు ఒకటి చేతిలో పెట్టింది. తాలూకాఫీసులో కొత్తవి వచ్చినప్పుడు చెత్తలో వేస్తుంటే ఆయన అడిగి తెచ్చుకున్నదట. ఇది మీకైతే అర్థమవుతాదని నాయన ఒకసారి అనె, తీసుకోండి అన్నది. ఆ తర్వాత అడిగింది:

"నాయన మీతో ఏమన్నా చెప్పినాడా మేడమ్? ఆదివారం ఆదివారం నేను ఫోన్ చేస్తాంటి. ఎప్పుడు అడిగినా బాగుండానమ్మా అంటాండె. అంతే."

ఆదివారం. నేను అల్లుకున్న శుక్రవారం అక్కడే తెగిపోయింది. ఏమీ చెప్పలేదమ్మా అనబోయి ఆగాను. మూడు వందలకు పైగా వరుసలు రాసి ఇచ్చిన మనిషి ఏమీ చెప్పలేదని నేను ఎట్లా అనగలను? కార్డులు నా దగ్గర ఉన్నాయని, అవి నీవేనని చెప్పాను. మరుసటి గురువారం ఆమె వచ్చి, కింది గదిలో బెంచీ మీద కూర్చుని వాటిని చదివింది. సొరకాయ దగ్గర ఆగింది. మా ఇంట్లో పెద్ద కాయ తెస్తే ఒక పూటకు చాలదు మేడమ్ అన్నది. ఈ మాటలన్నీ రాయడానికి ఆమె ఒప్పుకున్నది. పేరు వద్దన్నది. రిజిస్టరులో కూడా ఆయన పేరు ఎక్కడా లేదు, పొడి అక్షరాల సంతకమే.

కర్మల నుంచి నంద్యాల తిరిగి వచ్చిన సాయంత్రం ఆ రిజిస్టరు తెరిచాను. ప్రతి పేజీ పైనా ఒక సూచన అచ్చయి ఉంది: ఆ తేదీ ఉదయం ఎనిమిదిన్నరకు ముగిసిన ఇరవైనాలుగు గంటల వర్షపాతం. అంటే గురువారం పగలంతా కురిసిన వాన రిజిస్టరులో గురువారం గడిలోకి రాదు. శుక్రవారం ఉదయం కొలుస్తారు కనుక శుక్రవారం గడిలోకి వస్తుంది. వాన కొలిచేవారందరికీ ఇది చేతి అలవాటు. ముప్పై ఏళ్లు అట్లా రాసిన చెయ్యి, మనసు కార్డును మాత్రం మరోలా ఎందుకు నింపుతుంది? నేను ఆ అంకెలను ఆ ఉదయపు మనసుగా చదువుతూ వచ్చాను. ఆయన నిన్నటి మనసును రాస్తూ వచ్చారు.

నలభై ఏడు కార్డులను వరుసగా పరిచి, ప్రతి అంకెనూ ఒక రోజు వెనక్కి జరిపాను. శుక్రవారం ఏడులన్నీ గురువారం మీదకు వచ్చి కూర్చున్నాయి. గురువారం ఆ ఇంట్లో జరిగేది ఒక్కటే. కింద తలుపులు తెరుచుకుంటాయి, బెంచీ నిండుతుంది, నేను వస్తాను, కార్డు తీసుకుని బాగుందంటాను. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను కనుక నాకు 'చెప్పే పని లేదు'.

ఒక్క ఊహ మీద నమ్మకం పెట్టుకోకూడదని నా చదువు నేర్పింది కనుక మరో పరీక్ష చేశాను. ఆ పదకొండు నెలల్లో నేను మూడు గురువారాలు ఆళ్లగడ్డ వెళ్లలేదు. ఆ తేదీలు నా డైరీలో ఉన్నాయి. వాటి మరునాటి గళ్లు చూశాను. ఐదు, ఆరు, ఐదు. మూడింటి పక్కనా ఒకే మాట: కింద బీగం తీయలేదు. ఆ కార్డులు చేతికొచ్చినప్పుడే ఆ మాట చదివాను. శుక్రవారం మా గదులు ఎటూ తెరవం కదా, ఇందులో రాయడానికేముందని దాటిపోయాను.

ఆయన నాకు చెప్పారు. అంకెలో చెప్పారు, పక్కన వరుసలో చెప్పారు, ఒకసారి నోటితో కూడా చెప్పారు. వరుస పెట్టమని నేర్పింది ఆయనే, ఆ వరుసలో రాసింది ఆయనే. నేను దాని మీద పాఠాలు చెప్పాను. కన్నును నీళ్ల ఎత్తుకు వంచమన్నారు. నేను నిలబడే చూశాను. వంగి చూసి ఉంటే ఆయన ఇంకొన్నాళ్లు బతికేవారని అనడం లేదు. అట్లా అనడానికి నా దగ్గర ఆధారం లేదు. అన్నం డబ్బా పట్టుకుని పదిహేడు మెట్లెక్కి ఉంటే ఆయన మధ్యాహ్నాలు కొన్ని వేరుగా ఉండేవని మాత్రం అనగలను. నావీ ఉండేవి.

ఇప్పుడు అచ్చు సంగతి. కొత్త కార్డులో ఆ వరుస తీసేద్దామని తోటివైద్యుల్లో కొందరి సలహా. ఫోన్‌లో నవ్వు ముఖమో ఏడుపు ముఖమో నొక్కితే లెక్క దానంతటదే వస్తుంది, రాతలు చదివే తీరిక ఎవరికుందని వాళ్ల వాదన. వాళ్లది చెడ్డ ఆలోచన కాదు. తీరిక లేదన్న మాట నిజం. అయినా వరుస ఉండాలని రాసి పంపాను. కార్డు అడుగున రెండు ముక్కలు చేర్చమన్నాను: చూడకపోతే గీత, గీత పక్కన కారణం. ఇంకొక చిన్న గడి కూడా అడిగాను. అది రోగికి కాదు, వైద్యుడికి. రోగి రాసింది చదివి తాను ఏం అడిగాడో ఆ గడిలో వైద్యుడు రాయాలి. పెద్దాయన కార్డులకు ఆ గడి ఉండి ఉంటే, నలభై ఏడింటిలోనూ అది ఖాళీగా కనబడేది. ఖాళీగా కనపడితే చెయ్యి ఊరుకోదని ఆయన నమ్మకం.

మొన్న గురువారం తొలి బస్సుకే బయలుదేరి, ఎనిమిదిన్నరకు ముందే ఆళ్లగడ్డ చేరాను. ముందురోజు అక్కడ వాన పడిందని నర్సు చెప్పింది. కూతురు మిద్దె బీగం చెవి మా దగ్గరే వదిలి వెళ్లింది. గరాటు ఎత్తి, సీసాలోని నీళ్లను గ్లాసులోకి వంచి, పిట్టగోడ మీద సమంగా ఉన్న చోటు వెతికి పెట్టాను. మోకాళ్ల మీద కూర్చుని, కన్ను నీళ్ల ఎత్తుకు వచ్చేదాకా వంగాను. నాలుగు మిల్లీమీటర్లు దాటి ఒక గీత. ఆయన చివరి నోటుపుస్తకం తెరిచి ఆ అంకె వేశాను. పక్కన, ఎట్ల పడిందో రాయవలసిన చోట, పెన్ను ఆగింది. నేను చూడలేదు. అడ్డగీత గీసి, కారణం రాశాను: నంద్యాలలో ఉన్నాను.

ఆయన చివరి కార్డు నా బల్ల సొరుగులో ఉంది. ఆరు గళ్లు ఎప్పటిలాగే నిండి ఉన్నాయి. ఏడోది గురువారం గడి, ఆ ఉదయం ఎనిమిదిన్నరకు నింపింది. అంటే అది బుధవారం గురించి. అందులో అంకె లేదు. అడ్డగీత ఉంది, చెయ్యి వణకకుండా గీసిన తిన్నని గీత. పక్కన కారణం లేదు. కారణం లేని గీత ఆయన రిజిస్టరులో గానీ, కార్డుల్లో గానీ నాకు ఇంకెక్కడా కనబడలేదు. పెన్నుకు మూత పెట్టి ఉందా, తీసి ఉందా అని నర్సును రెండుసార్లు అడిగాను. బల్ల సర్దేటప్పుడు పెన్నును పక్కన పెట్టిందట, మూత సంగతి గుర్తులేదన్నది. బుధవారం ఆయన తన మనసును ఎందుకు చూసుకోలేదో, కారణం రాసేలోపే చెయ్యి ఆగిపోయిందో, లేక కిందికి దిగి వచ్చి నాతో నోటితో చెబుదామనుకున్నారో నాకు తెలియదు.